బాబుకి థెరపీ అయితే మేమెందుకు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా బాబుకి ఏడేళ్లు, ఆటిజం అన్నారు. థెరపిస్ట్ వాడితో పాటు మా ఇద్దర్నీ కూర్చోమంటున్నారు. మావారేమో "నాకేం రోగం?" అని రావట్లేదు. అత్తయ్యగారు నా పెంపకం వల్లే ఇలా అయ్యాడంటారు. ఏం చేయను? – ఓ తల్లి

జవాబు: ముందు అత్తయ్యగారి మాట పక్కన పెట్టండమ్మా. ఆటిజం పెంపకం వల్ల రాదు. అది మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా, అందులో వంశపారంపర్యం పాలు ఎక్కువ, అందుకే పిల్లాడి గురించి అడుగుతుంటే తండ్రో మేనమామో "చిన్నప్పుడు నేనూ అంతేనండీ" అనడం మాకు మామూలే. మీవారిని పిలిచింది రోగం అంటగట్టడానికి కాదు. వారానికో గంట చూసే మాకంటే వాడు ఎప్పుడు, ఎందుకు ఏడుస్తాడో ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. మిక్సీ వేయగానే చెవులు మూసుకుని మంచం కిందికి దూరాడనుకోండి, మొండితనం అనుకుంటాం, కానీ ఆ మోత వాడికి నిజంగానే భరించరానిది కావచ్చు. పచ్చడి రుబ్బే ముందు "మిక్సీ వేస్తున్నా నాన్నా" అని చెప్పి పక్క గదిలోకి పంపండి, చాలా గొడవ తగ్గుతుంది. విజయవాడ వెళ్తే పండగ రద్దీలో బీసెంట్ రోడ్డు తిప్పకండి, పొద్దున్నే వెళ్లి రండి.

కళ్లలోకి చూడమని బలవంతపెట్టే చోట, పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చే చోట మాత్రం, ఫీజు ఎంత తక్కువైనా చేర్చొద్దు.

అన్నట్టు, మీ నిద్ర, మీ టెన్షన్ సంగతి కూడా థెరపిస్ట్‌కి చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డుకి దరఖాస్తు పెట్టేయండి.