కొట్టేసిన వాక్యం

విజయనగరం

చిరంజీవి లక్ష్మికి ఆశీస్సులు.

పెద్దల కోసం తీసిన కార్టూన్ల పరిణామంపై నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. అయితే బూతుమాటకూ నెత్తుటికీ అనుమతి దొరికాకే కార్టూన్‌కు పెద్దరికం వచ్చిందన్న నీ వాదన దగ్గర నాకు కోపం వచ్చింది.

తెరమీది బొమ్మ మొదట్నుంచీ పెద్దలదేనమ్మా. 1915లో జర్మన్ జలాంతర్గామి ముంచేసిన లూసిటానియా ఓడ ఉదంతాన్ని అమెరికా చిత్రకారుడు విన్సర్ మెకే 1918లోనే బొమ్మలుగా గీసి చూపించాడు. బిడ్డను అలలపైకి ఎత్తిపట్టి తాను మునిగిపోయే తల్లి అందులో ఉంది. 1930లో వచ్చిన కార్టూన్ సుందరి బెట్టీ బూప్ పొట్టిగౌను, 1934లో సినిమాల్లో అశ్లీలాన్ని అదుపుచేసే హాలీవుడ్ నియమావళిని కఠినంగా అమలు చేశాక, కిందికి దిగింది. 1960లో ఫ్లింట్‌స్టోన్స్ అనే టీవీ కార్టూన్ రాత్రివేళ పెద్దల ముందుకు వచ్చినా, ఆ దశాబ్దంలోనే అమెరికా టీవీ కార్టూన్లను శనివారం ఉదయాలకు, పిల్లలకు వదిలేసింది. ఆ తర్వాత పెద్దల కోసం వచ్చిన సింప్సన్స్, సౌత్ పార్క్ కార్టూన్ల గురించి నీవే వివరంగా రాశావు.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఆడుకునే సరసాల మీద వయసులో ఉండగా నేనొక వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు సరసమంతా కొట్టేసి, బొమ్మలన్న మాట ఉంది కదా అని మిగిలిన ముక్కను పిల్లల పేజీలో వేశాడు. ఇన్నేళ్లయినా ఆయనను క్షమించలేకపోతున్నాను.

అదే పని నీవు మీ అమ్మకు చేశావు. పలాసలో జీడిపిక్కల పనినుంచి వచ్చి, చేతుల మరకలైనా కడుక్కోకుండా టీవీ ముందు నిలబడి, ‘బొమ్మ ఏడుస్తందేటే?’ అని ఆమె అడిగిన వాక్యాన్ని రాసి, కొట్టేశావు. గీత కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మీరు చూస్తున్నది 1988లో తకహతా ఇసావో తీసిన జపాన్ బొమ్మల సినిమా ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ కదా! యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న కుర్రవాడు, ఖాళీ అయిన మిఠాయి డబ్బాలో నీళ్లు పోసి, డబ్బాకు అంటుకున్న తీపిని చెల్లెలి చేత తాగిస్తాడు. చివరికి ఆ పిల్ల అస్థికలు దాచుకునేదీ ఆ డబ్బాలోనే. అందులో ఒక్క బూతు లేదు. అయినా రోజంతా పిక్కలు కొట్టి వచ్చిన మనిషిని అది నిలబెట్టేసింది. కార్టూన్ పెద్దరికాన్ని నేను కొలిచేది దీనితోనే.

ఆ వాక్యంతో మొదలుపెట్టి వ్యాసం తిరగరాయి. ఆ మాట అన్నాక ఆమె ఎంతసేపు అలాగే నిలబడిందో, తర్వాత నీ పక్కన కూర్చుందో లేదో కూడా రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు