ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి సోలార్ కోర్సు అవసరమా?

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన మీ తమ్ముడు సోలార్ పనిలోకి వెళ్దామనుకుంటున్నాడు, కోర్సు చేయాలా, మేస్త్రీ దగ్గర చేరితే చాలా అని అడిగారు కదండీ. కోర్సు చేయించండి. నేను మేస్త్రీ దగ్గర మొదలుపెట్టి, చెయ్యి కాల్చుకున్నాక కోర్సుకి వెళ్లినవాణ్ణి.

మాది పలాస దగ్గర పల్లె. ఇళ్ల వైరింగ్ వచ్చు కదా అని నేరుగా ప్యానెళ్లు బిగించడానికి వెళ్లిపోయాను. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ మేడ మీద, క్రింపింగ్ టూల్ (వైరు కొనకి కనెక్టర్ పిన్నుని గట్టిగా నొక్కి బిగించే పనిముట్టు) లేక, ప్యానెళ్ల వైర్లని కలిపే ఎమ్‌సీ4 కనెక్టర్లను కటింగ్ ప్లయర్‌తో నొక్కేశాను. పట్టు వదులై అవి వేడెక్కాయి, నాలుగు నెలలకి కాలిన వాసన వస్తోందని ఫోన్. పరుగున వెళ్లి, గోడకున్న ప్లగ్గు పీకినట్టు కరుగుతున్న కనెక్టర్‌ని లాగేశాను. పది ప్యానెళ్ల వరస, 400 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. విడదీసిన రెండు కొనల మధ్య మంట సాగింది. కుడి అరచెయ్యి కాలి నెల రోజులు పని లేదు.

ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి దిగుతుంది, నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీ దిగదు. ఇన్వర్టర్ (డీసీని ఏసీగా మార్చే పెట్టె) ఆపి, ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటుని తెంచే స్విచ్చు, డీసీ ఐసోలేటర్, దించాకే కనెక్టర్ ముట్టుకోవాలి. అప్పటికీ ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో వోల్టేజీ ఉంటుంది, మెయిన్ దించితే పోదు. ఈ ముక్క మా మేస్త్రీకీ తెలీదు పాపం. సూర్యమిత్ర శిక్షణలో మొదట చెప్పింది ఇదే.

అది జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన కోర్సు: 600 గంటలు, మూడు నెలలు. నేను చేరినప్పుడు ఫీజు లేదు, ఉండడానికి చోటు కూడా వాళ్లే ఇచ్చారు. ఎర్తింగ్, వాలు లెక్క అన్నీ నేర్పారు కానీ నాకు ఎక్కువ పనికొచ్చింది స్ట్రక్చర్ బిగింపు. 2018 తిత్లీ తుపాను చూసినవాళ్లం మనం. ప్యానెల్ కింద దూరిన గాలి దాన్ని తెరచాపలా ఎత్తేస్తుంది. యాంకర్ బోల్టు ఎంత లోతు దిగాలి, ఉప్పుగాలికి ఏ నట్టు తుప్పు పట్టదు అన్నవి మన తీరంలో ప్రాణం మీది సంగతులు.

పని దొరుకుతుందా అంటే, 2024లో ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మా వైపు పెరిగింది. 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి జనం ముందుకొస్తున్నారు. నన్ను పనిలోకి తీసుకున్న వెండర్ (సోలార్ అమ్మి బిగించే సంస్థ) మొదట అడిగింది సర్టిఫికెట్టే.

చేరే ముందు సెంటర్‌కి మీ తమ్ముణ్ణి స్వయంగా వెళ్లి చూడమనండి. ఒక్కొక్కరి చేత కనెక్టర్లు క్రింప్ చేయిస్తారా, మేడ ఎక్కించి బిగింపు చేయిస్తారా అని పాత బ్యాచ్ కుర్రాళ్లనే అడగాలి. బోర్డు మీద బొమ్మలు గీసి పంపే చోటైతే ఇంకో సెంటర్ వెతుక్కోమనండి.