చక్కబెట్టడం, చక్కదిద్దడం ఒకటేనా?

రెండింటికీ బాగుచేయడమనే అర్థమే కదా, ఏది ఎక్కడైనా వాడొచ్చా అని అడిగారు. చాలాచోట్ల వాడొచ్చు గానీ అన్నిచోట్లా కుదరదు. కొన్నాళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను, అక్కడ ఈ రెండు మాటలూ రోజూ తగిలేవి.

దిద్దాలంటే ముందు ఒక రూపం ఉండాలి, అది వంకరపోయి ఉండాలి. అక్షరాలు దిద్దుతాం, జవాబు పత్రాలు దిద్దుతాం. అందుకే పాలన గాడి తప్పిందనో లెక్కలు తేడా వచ్చాయనో చెప్పేటప్పుడు చక్కదిద్దడమే బాగుంటుంది, వినగానే ఎక్కడో లోపం ఉందని అర్థమవుతుంది. చక్కబెట్టడానికి లోపం అక్కర్లేదు. చిందరవందరగా ఉన్న గదిని చక్కబెడతాం, అసలేమీ చెడకపోయినా పెళ్లి పనులు చక్కబెడతాం, అంటే దగ్గరుండి ఓ కొలిక్కి తెస్తాం. (చక్కన్ + పెట్టు కలిసి అలా అయింది, పాత పుస్తకాల్లో మధ్యలో అరసున్న కూడా కనిపిస్తుంది.)

అసలు జాగ్రత్త పడాల్సింది చివర 'కొను' చేరినప్పుడు. ఒక విలేఖరి ఎవరో అధికారిని మెచ్చుకుంటూ 'బదిలీకి ముందే పనులన్నీ చక్కబెట్టుకున్నారు' అని రాసి పంపాడు, పాపం అతని ఉద్దేశం పెండింగ్ ఫైళ్లు పూర్తిచేశారని. మా ఇన్‌ఛార్జి అది చూసి, ఇలాగే అచ్చేస్తే ఆయన లంచాలు తిన్నాడనుకుంటారయ్యా అని నవ్వి, ఆ 'కున్నారు' తీసేసి 'చక్కబెట్టారు' అని మార్చారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అనే సామెత ఉంది చూశారా, నిజానికి అది మంచి సలహానే, అవకాశం ఉన్నప్పుడే పని పూర్తిచేసుకోమని. కానీ పదవిలో ఉన్నవాళ్ల గురించి అంటే మాత్రం అది నేరుగా ఎత్తిపొడుపే.

తమాషా ఏంటంటే అదే 'కొను' చక్కదిద్దడానికి చేరితే ఈ స్వార్థం వాసన రాదు. 'ముందు మీ పార్టీని చక్కదిద్దుకోండి' అంటే మీ తప్పులు మీరు చూసుకోండి అనే. అదే 'మీ పార్టీని చక్కబెట్టుకోండి' అంటే ఆ దెప్పిపొడుపు అంతగా తెలియదు.

సరిదిద్దడం మీద పెద్ద గొడవ లేదు, ఫలానా తప్పు అని వేలెత్తి చూపగలిగితే అది వాడేయండి. సర్దడం వస్తువులకు సరే, మనుషుల దగ్గరికి వచ్చేసరికి సర్దుకోవడం రాజీపడటమైపోతుంది.

ఎవరు చేశారో చెప్పనక్కర్లేకపోతే 'పరిస్థితి చక్కబడింది' అంటే చాలు. 'చక్కబెట్టబడింది' మాత్రం దయచేసి రాయకండి.