పారామెడిక్కుల లెక్క వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో అంబులెన్సుల బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమమ్మా. మన దగ్గర 101 వేరు, 108 వేరు కాబట్టి నీ ఉద్యోగమేమిటో ఇంట్లోవాళ్లకు తొందరగా అర్థం కాదు. అమెరికాలో చాలా ఊళ్లలో ఫైర్ స్టేషన్‌కు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం మంటలవి కావు, ఆపదలో ఉన్న మనుషులవి. ఇన్నేళ్లు ఆ పనిలోనే ఉన్నాను గనక నాలుగు మాటలు చెబుతాను.

మూడు షిఫ్టులు కాబట్టి అంబులెన్సులో ఒక్కో సీటుకు ముగ్గురు చాలని ఎవరన్నా ఒప్పుకోకు. ఏడాదికి 8,760 గంటలు. 24 గంటల డ్యూటీ, 48 గంటల విశ్రాంతి పద్ధతిలో ఒక్కరి వంతుకు వచ్చేవి సుమారు 2,900. సెలవులు, జబ్బులు, కాన్పులు, ట్రైనింగ్ పోను 2,400 మిగిలాయనుకో, సీటుకు 3.65 మంది కావాలి. ఇద్దరేసి పారామెడిక్కులతో, అంటే మందులివ్వడం, శ్వాసనాళంలో గొట్టం వేయడం దాకా నేర్చిన అత్యవసర వైద్య సిబ్బందితో, ఐదు అంబులెన్సులు నడపాలంటే కాగితం మీద 30 మంది, నిజానికి 37 మంది. ఆ ఏడుగురి పనీ షిఫ్ట్ దిగి ఇంటికి వెళ్లబోతున్నవాళ్ల మీదే పడుతుంది, బలవంతపు ఓవర్‌టైమ్‌గా. రాత్రంతా కన్ను మూతపడని మనిషి పసిపిల్లకు మందు మోతాదు లెక్క కట్టాల్సి వస్తుంది. అందుకే మీ డిపార్ట్‌మెంట్ సెలవుల రికార్డు మూడేళ్లది తెప్పించి, ఈ భాగహారం నువ్వే చెయ్యి.

ఇక ప్రతి ఫైర్ ఇంజిన్ మీదా పారామెడిక్ ఉండాలని ఊరి కౌన్సిల్ వాళ్లు అడుగుతారు. వినడానికి బాగుంటుంది కానీ తొందరపడకు. సియాటిల్ చూడు. 1970లో డాక్టర్ లెనార్డ్ కాబ్, ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ కలిసి అక్కడ మెడిక్ వన్ అనే అత్యవసర వైద్య సేవ మొదలుపెట్టారు. ఈఎంటీ శిక్షణ, అంటే పారామెడిక్ కంటే కింది స్థాయి అత్యవసర వైద్య శిక్షణ, ఉన్న ఫైర్‌ఫైటర్లు ముందు చేరుకుని సీపీఆర్, గుండెకు షాక్ మొదలుపెడతారు. వెనకే ఇద్దరు పారామెడిక్కులతో మెడిక్ యూనిట్ వస్తుంది. పారామెడిక్కులు తక్కువమంది కాబట్టి కష్టమైన కేసులన్నీ వాళ్ల చేతికే వస్తాయి. శ్వాసనాళంలో గొట్టం ఎప్పుడో ఒకసారి వేసే చేతికీ, తరచూ వేసే చేతికీ చాలా తేడా ఉంటుంది. పారామెడిక్కుల్ని ఊరంతా పరిచేస్తే ఆ అలవాటు ఎవరికీ మిగలదు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ల 1710 ప్రమాణంలో కూడా, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉన్న బృందం ప్రయాణానికి 240 సెకన్లే ఇచ్చారు, పారామెడిక్ స్థాయి బృందానికి 480. హాస్పిటల్ అరగంట దూరమున్న శివార్లలో మాత్రం ఇంజిన్ మీద ఒక పారామెడిక్‌ను తప్పకుండా పెట్టు. అక్కడ ఈ వాదన చెల్లదు.

ఉన్నవాళ్లను నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. అంబులెన్స్ ఎక్కితే ఇక దింపరన్న భయంతో పారామెడిక్ లైసెన్స్ వదులుకునేవాళ్లున్నారు. అలాంటివాళ్లను తప్పుపట్టకమ్మా. ఇన్నాళ్లు అంబులెన్స్, తర్వాత ఇన్నాళ్లు ఇంజిన్ అని రాతపూర్వకంగా మాటివ్వు, నిలబెట్టుకో. అలవెన్స్ కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

పారామెడిక్ చదువు వెయ్యి గంటలకు పైనే. మీవాళ్లనే పంపితే అన్నాళ్లూ వాళ్ల సీట్లో ఇంకొకరు కూర్చోవాలి. ఆ ఖర్చు ఈ ఏడాది బడ్జెట్‌లోనే అడుగు. అడిగే ముందు లెక్కల కాగితం నాకు పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న