ఎర్రనీళ్ళకి కొటేషన్లెందుకు?

అమలాపురం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దాకా వచ్చేసరికి కోపం వచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్ళీ తీస్తే, అమ్మమ్మ అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఏటిగట్టు దిగి, నీళ్ళ అంచున పుల్ల గుచ్చి వచ్చే చోట ఆగిపోయాను. 1986 ఆగస్టు వరదలో మా అమ్మ కూడా అలాగే పుల్ల గుచ్చింది. గంట గంటకీ వెళ్ళి చూసి వచ్చి, మాకు ఏమీ చెప్పకుండా బియ్యం బస్తా అటక మీదికి ఎక్కించమనేది. పుల్ల మునిగిందని ఆ మాటతోనే మాకు తెలిసిపోయేది. ఆ ఒక్క ఘట్టం కోసం నీ కథ దాచుకున్నాను. ఇక కోపం సంగతికి వస్తాను.

మూడో పేజీలో అమ్మమ్మ ‘ఎర్రనీళ్ళు’ తగిలాయంటుంది. ఆ మాటకి అటూ ఇటూ కొటేషన్లు పెట్టావు. పక్కన బ్రాకెట్లో వరద నీరు అని అర్థం రాశావు. తాతయ్య కొబ్బరి ‘దింపు’కి వెళ్ళాడన్నావు, దానికీ కొటేషన్లు, దానికీ బ్రాకెట్టు. అదే పేజీలో మనవరాలు ఇప్పటి పిల్లల ఇంగ్లీషులో వైబ్ అంటుంది, క్రింజ్ అంటుంది, డెలులు అంటుంది. వాటికి కొటేషన్లు లేవు, అర్థాలు లేవు. ఎందుకలా చేశావో ఉత్తరంలో నువ్వే రాశావు. డెలులు, స్కిబిడీ లాంటివి కేంబ్రిడ్జి డిక్షనరీలోకి వచ్చేశాయి కాబట్టి అవి అధికారిక పదాలట, మన యాస మాటలకి అలాంటి గుర్తింపు లేదు కాబట్టి అర్థం ఇచ్చావట.

ఆ వాక్యం చదివాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదమ్మా.

ముందు ఎర్రనీళ్ళ గురించి చెప్తాను. నువ్వు ఇచ్చిన అర్థం తప్పు. పైన వానలు పడి గోదారి రంగు మారడాన్ని ఎర్రనీళ్ళు తగలడం అంటారు. అప్పటికి వరద రాకపోవచ్చు, గట్టుకి ఏ ప్రమాదమూ ఉండకపోవచ్చు. మా చిన్నప్పుడు ఆ నీళ్ళు బిందెల్లో తెచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపితే మట్టంతా అడుక్కి దిగేది. ఎర్రనీళ్ళు తగిలాయంటే పులస ఎదురీదుకుంటూ వస్తుందని వలలు సర్దుకునేవాళ్ళు. లంకల్లో ఉండేవాళ్ళు పశువుల్ని ఎటు తోలాలో ఆలోచించుకోవడం మొదలుపెట్టేవాళ్ళు. ఇంత సంగతి ఉన్న మాటని నువ్వు బ్రాకెట్లో రెండు మాటలకి కుదించేశావు. అమ్మమ్మకి తెలిసినది నీకూ తెలుసు. తెలిసి కూడా, తెలియని పాఠకుడెవరో అడుగుతాడని భయపడ్డావు.

ఇక డిక్షనరీలు. కేంబ్రిడ్జి వాళ్ళు 2025 ఆగస్టులో చెప్పింది నిజమే. అంతకు ముందు ఏడాది కాలంలో 6,000కు పైగా కొత్త మాటలు చేర్చామన్నారు, అందులో నువ్వు చెప్పిన రెండూ ఉన్నాయి. అలాంటి మాటలే రిజ్ 2023లో, బ్రెయిన్ రాట్ 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ‘సంవత్సరపు మాట’లయ్యాయి. అయితే సంవత్సరపు మాటగా ఎంచడం వేరు, పెద్ద నిఘంటువులో ఎక్కించడం వేరు. నీ ఉత్తరంలో రెండూ కలిపేశావు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఒక మాటని ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు కొంతకాలం పాటు నిజంగా వాడారని అచ్చులోనో, రాతలోనో సాక్ష్యం దొరకాలి. దొరికితే తీసుకుంటారు. ఒకసారి తీసుకున్నాక, ఆ మాట వాడుకలోంచి పోయినా పుస్తకంలోంచి తియ్యరు.

ఆ నిఘంటువు తయారైన తీరే అలాంటిది. 1857లో లండన్‌లో భాషాశాస్త్ర సంఘం వాళ్ళు ఆలోచన మొదలుపెట్టారు. 1879 నుంచి జేమ్స్ మర్రే అనే ఆయన సంపాదకుడు. ఆయన ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని కూర్చుంటే, ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదివి, మాట కనపడిన వాక్యాన్ని చీటీ మీద రాసి పోస్టులో పంపేవాళ్ళు. మొదటి భాగం 1884లో వచ్చింది, మొత్తం పూర్తయ్యేసరికి 1928. మర్రే అప్పటికి చనిపోయి పదమూడేళ్ళు. అంటే ఆ పుస్తకం ఎవరో రాసిన వాక్యాల మీద నిలబడింది. ముందు వాక్యం, తర్వాత నిఘంటువు.

నువ్వు ఫోన్లో కొట్టే ఓఎంజీ ఉంది కదా, దాన్ని వాళ్ళు 2011లో తీసుకున్నారు. దానికి దొరికిన పాత సాక్ష్యం 1917 నాటిది. ఫిషర్ అనే ముసలి నౌకాదళాధికారి చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఆ మూడక్షరాలున్నాయి. ఆయన ఏ డిక్షనరీ చూసి రాశాడు? ఉత్తరంలో నోటికొచ్చినట్టు రాశాడు, తొంభై నాలుగేళ్ళ తర్వాత అదే ఆధారమైంది. మన అయ్యోని 2016లో తీసుకున్నారు, అన్నని 2017లో తీసుకున్నారు. అన్న అంటే అణా అనే నాణెంగా అంతకు ముందే వాళ్ళ పుస్తకంలో ఉంది, అన్నయ్య అనే అర్థం అప్పుడు కొత్తగా చేరింది. మన పందికొక్కు బాండికూట్ అయి ఎప్పుడో ఎక్కింది. తమిళుల అణైకట్టు, మన ఆనకట్ట, వాళ్ళ నోట్లో అనికట్ అయి కూర్చుంది. అప్పటిదాకా మీ అమ్మమ్మ అయ్యో అనకుండా ఆగిందా?

నా కోపానికి అసలు కారణం ఇంకా పాతది. చెప్తాను విను.

మా నాన్న కాలువ మీద లస్కరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల మీద పడవలు తిరగడానికి లాకులు కట్టారు కదా, అలాంటి ఒక లాకు దగ్గర ఆయన ఉద్యోగం. నేను పుట్టింది ఆ లాకుల పక్క క్వార్టర్సులోనే. పల్లం వైపు నుంచి పడవ వచ్చి లోపలికి చేరితే కింది తలుపులు మూసేవాళ్ళు. పై నుంచి నీళ్ళు వదిలితే పడవ మెల్లగా పైకి లేచేది. నీటి మట్టాలు సమానమయ్యాక పై తలుపులు తెరుచుకునేవి. ధాన్యం, కొబ్బరికాయలు, కలప, పెళ్ళివాళ్ళు, అందరూ ఆ లాకులో కాసేపు ఆగి వెళ్ళాల్సిందే. ‘లాకు తీశారా?’ అని దూరం నుంచే పడవ సరంగు కేకేసేవాడు. మా నాన్నకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. లాకు ఇంగ్లీషు మాటని ఆయనకి తెలియదు, చెప్పినా ఒప్పుకునేవాడు కాదేమో. తూము, బోదె, గట్టు ఎలాగో లాకూ అలాగే.

1975లో ఆయన మీద ఒక కథ రాశాను. వేసవిలో కాలువలు కట్టేశాక ఖాళీ లాకులో చేపలు పట్టే పిల్లల్ని తరమలేక తరిమే లస్కరు కథ. ఒక వారపత్రికకి పంపితే అచ్చు వేశారు. మొదటి కథ! పత్రిక రాగానే అరుగు మీద కూర్చోబెట్టి నాన్నకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. రెండో పేరాలో నా నోరు ఆగిపోయింది. లాకులన్న చోటల్లా సంపాదకుడు జలద్వారములు అని దిద్దాడు. బోదె చిన్న కాలువ అయింది. లస్కరు నీటిపారుదల సేవకుడయ్యాడు. చివర్లో మా నాన్న అన్న ‘ఆయ్, అలాగేనండి’ పోయి, చిత్తమండీ వచ్చి కూర్చుంది. నాన్న మొత్తం విన్నాడు. విని, ‘బాగుందిరా, ఇది ఏ ఊళ్ళో?’ అన్నాడు.

ఆయన ఎటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. తన కథని తాను గుర్తుపట్టలేదు. ఆ సంపాదకుడు పెద్దమనిషే, నాకు అచ్చులో చోటిచ్చాడు, కానీ నా తండ్రిని నా కథలోంచి తీసేశాడు. యాభై ఏళ్ళయినా ఆ పని నేను మరిచిపోలేదు. ఇప్పుడు నీ కథలో ఆ పని నువ్వే, ఎవరూ చెప్పకుండానే, చేతులారా చేసుకుంటున్నావు.

తర్వాత ఇంకో కాలం వచ్చింది. గోదారి యాసకి గిరాకీ పెరిగింది. ప్రతి వాక్యం చివరా ఒక అండి తగిలించి, మధ్యలో రెండు ఆయ్‌లు వేసి, కాస్త కొబ్బరాకు, కాస్త పులస పులుసు చల్లితే కోనసీమ కథ అయిపోయింది. నవ్వించడానికే పుట్టిన మనుషుల్లా మనల్ని చూపించారు. మన ఊళ్ళో చావు కబురు చెప్పేటప్పుడు కూడా ఆయ్ అంటారు. బ్యాంకులో అప్పు కోసం నిలబడినప్పుడు అంటారు. 1996 నవంబరు తుఫానుకి తోట మొత్తం నేలకూలితే, లెక్క రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగితో ఒక రైతు ‘ఆయ్, ఒక్క చెట్టూ లేదండి’ అనడం నేను పక్కన నిలబడి విన్నాను. ఆ ఆయ్‌లో నవ్వు ఎక్కడుంది? సంపాదకుడు దాన్ని కొట్టేసినా, తర్వాతి వాళ్ళు దాన్ని తమాషా చేసినా, నష్టం ఆ రైతుకే.

మన నిఘంటువుల చరిత్ర కూడా నువ్వు తెలుసుకోవాలి. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర 1854లో మిశ్రభాషా నిఘంటువని విడిగా ఒకటి వేశాడు. కచేరీల్లో, బజారులో జనం వాడే పరాయి మాటల్ని అందులో పోగేశాడు. ఆ తర్వాత మన పెద్దలే, పిఠాపురం మహారాజు డబ్బుతో, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలుపెట్టారు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. గొప్ప శ్రమ, ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది. కానీ దాన్ని నడిపిన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికం పట్టిన మనిషి. కావ్యాల్లో ఉన్న మాటకి ఉన్న విలువ వీధిలో మాటకి లేదు. ఆయన పుట్టింది ఎక్కడో తెలుసా? మన ముక్తేశ్వరంలో. రేవు దగ్గర పడవవాళ్ళ మాటలు వింటూ పెరిగిన మనిషే. గిడుగు రామమూర్తిగారు ఆ విషయం మీద చివరిదాకా పోట్లాడారు.

మళ్ళీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదకోశం తెచ్చారు. మనుషుల్ని జిల్లా జిల్లాకీ పంపించి రైతుల్ని అడిగి రాయించిన పుస్తకం అది. నాగలిలో ఒక్కో భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంది. 1971లో చేనేత మాటలకి రెండోది వచ్చింది. నేను మొదటిసారి అది తెరిచినప్పుడు, మా మేనమామ నోట్లో మాట అచ్చులో కనిపించి కళ్ళు చెమర్చాయి. అలాంటి పని చేసేవాళ్ళకి నీ కథ ఒక చీటీ. నువ్వు ‘దింపు’ పక్కన బ్రాకెట్టు పెడితే, ఈ మాట మామూలుగా వాడరు కాబోలని ఆ చీటీ సాక్ష్యం చెప్తుంది. మామూలుగా రాస్తే, ఈ ప్రాంతంలో జనం దీన్ని అలవోకగా అనేవాళ్ళని చెప్తుంది.

అలాగని మనవరాలి డెలులు తీసెయ్యమంటున్నానని అనుకోకు. ఆ పిల్ల కాకినాడలో ఇంజినీరింగు చదువుతోంది, ఆ పిల్ల అలాగే మాట్లాడుతుంది. ఉంచు. రేపు కేంబ్రిడ్జి వాళ్ళు తీసేసినా ఉంచు. కానీ మొదటి పేరాలో ‘గోదారి వైబ్’ అన్నది కథ చెప్పే మనిషి. ఆ మనిషికి అరవై ఏళ్ళని నువ్వే రాశావు. ఆ వయసు మనిషి నోట్లో అది పలకదు, అక్కడ ఫ్యాషన్ కోసం పెట్టావు. వరదల్లో లంక జనం ‘కాజ్‌వే మునిగింది’ అంటారు, వంద మంది అంటారు. అది కూడా ఇంగ్లీషే. దానికి నువ్వు కొటేషన్లు పెట్టలేదు గమనించావా? చెవికి అలవాటైన మాట కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. మిగతా మాటలన్నీ ఆ చేత్తోనే రాయాలి.

పోటీకి పంపమంటారా, పేరు మార్చమంటారా అని అడిగావు. వాటి మీద ఇప్పుడు నా దగ్గర మాట లేదు. కథ ముగింపు గురించి కూడా తర్వాత చూద్దాం.

ఒక పని చెయ్యి. తాతయ్య చెట్టెక్కే ముందు రెండు పాదాలకీ వేసుకునే తాడు ఉంటుంది కదా. నీ కథలో దాన్ని ఉట్టి తాడు అని వదిలేశావు. మా ఊళ్ళో ఒకలా అంటారు, ఏటికి అవతల ఇంకోలా అనడం విన్నాను. మీ ఊళ్ళో ఏమంటారో నాకు తెలియదు. ఈ ఆదివారం మీ తాతయ్య దగ్గర కూర్చుని అడుగు. ఆ తాడు దేనితో పేనుతారో, ఎన్నాళ్ళు మన్నుతుందో కూడా అడుగు. ఆయన ఎలా పలికితే అలా, కొటేషన్లు లేకుండా, ఒక కార్డు మీద రాసి నాకు పంపు. కథ నెమ్మదిగా పంపుదువుగాని.

ఉంటాను.

మీ మాస్టారు