తాతగారి నోటులో ‘0-12-0 వడ్డీ’ అంటే

గుంటూరు ఇంట్లో దొరికిన 1950 నాటి ప్రామిసరీ నోటులో ‘నూటికి నెల 1కి 0-12-0 వడ్డీ’ అంటే ఏమిటని, అందులోని 800 రూపాయల అప్పు ఇప్పుడు వసూలవుతుందా అని అడిగారు కదండీ. ఆ అంకెలు రూపాయలు-అణాలు-పైలు (పై అంటే అణాలో పన్నెండో వంతు). 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చేదాకా లెక్కలన్నీ అలాగే రాసేవారు. రూపాయికి పదహారణాలు కాబట్టి పన్నెండణాలంటే ముప్పావలా. అంటే ఇప్పుడు మనం ‘డెబ్బై అయిదు పైసల వడ్డీ’ అంటామే, అదే. ఏడాదికి 9 శాతం. 800కి నెలకి 96 అణాలు, అంటే సరిగ్గా ఆరు రూపాయలు. రూపాయి వడ్డీ కంటే తక్కువే, తాతగారు పీడించి ఇచ్చిన అప్పు కాదండీ అది.

వసూలు మాత్రం కుదరదు. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలో దావా వేయాలి, అప్పుడూ ఇదే గడువు. వెనకవైపు తిప్పి చూడండి. ‘చెల్లు’ అని, అంటే బాకీలో కొంత కట్టినట్టు రాసి, బాకీదారు సంతకం ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు లోపల వేసిన చెల్లు అయితేనే లెండి. ఎలా చూసినా కాలదోషం పట్టి దశాబ్దాలైంది. కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించకండి, పాడవుతుంది.