బందెలదొడ్డా, బందీల దొడ్డా?

సందేహం: మా పంచాయతీ నోటీసులో ‘బందీల దొడ్డి’ అని రాశారు. పెద్దవాళ్లు బందెలదొడ్డి అంటారు. ఏది ఒప్పు? పక్కవాళ్ల గేదెలు మా చేలో పడి మేస్తే, ‘పొలాన్ని ఆక్రమించాయి’ అని ఫిర్యాదు రాయవచ్చా?
– ఒక పాఠకుడు, భీమిలి, విశాఖపట్నం జిల్లా

సమాధానం: పెద్దవాళ్ల మాటే ఒప్పు. బందీ అంటే చెరలో ఉన్న మనిషి. బందె అంటే పరుల పైరు మేస్తూ దొరికిన గొడ్డును కట్టడి చెయ్యడం. దాన్ని విడిపించుకోవడానికి కట్టే సొమ్ము కూడా బందే. అలా పట్టిన గొడ్లను ఉంచే చోటు బందెలదొడ్డి. తెలంగాణలో బంజరుదొడ్డి అనే మాటా వినిపిస్తుంది, అది అక్కడి వాడుక.

ఇక ఫిర్యాదు. ఆక్రమించడమంటే తనది కాని నేలలో తిష్ఠ వేసి తనదిగా చేసుకోవడం. అది మనుషులు చేసేది, గేదెలు చేసేది కాదు. ‘చేలో గేదెలు పడ్డాయి’ అనడం చక్కటి తెలుగే, కానీ కాగితం మీద ఆ ఒక్క ముక్కే ఉంటే నూతిలో పడ్డట్టు పడ్డాయనుకునే గుమాస్తాలు ఉంటారు. ‘చేలో పడి మేశాయి, తొక్కాయి’ అని పూర్తిగా రాయండి.

1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం, పైరు పాడుచేస్తున్న గొడ్లను రైతు పట్టుకోవచ్చు. చేనుకు కంచె ఉండి తీరాలన్న షరతు అందులో లేదు. అయితే పట్టుకున్న గొడ్లను 24 గంటల్లోగా దొడ్డికి తోలాలి. అందుకే ‘పొద్దున్నే’ అని సరిపెట్టకుండా, ‘ఉదయం 6 గంటలకు’ అని రాయాలి. దొడ్డి కాపరి రిజిస్టరులో గొడ్ల సంఖ్య, ఆనవాళ్లు, తెచ్చిన రోజు, గంట, తెచ్చినవారి పేరు, ఊరు ఎక్కిస్తాడు. దాని నకలు మీకివ్వాలి, అడిగి తీసుకోండి.

ఆనవాళ్ల దగ్గరే చాలామంది తేలిగ్గా రాసేస్తారు. ‘రెండు గేదెలు’ అంటే ఎవరివైనా కావచ్చు. ‘ఎడమ కొమ్ము విరిగిన చూడి గేదె ఒకటి, నుదుట తెల్లచుక్క ఉన్న పెయ్యదూడ ఒకటి’ అంటే తగువుకు చోటుండదు. ఆవులకైతే మైల, పుల్ల, కర్రి, బొల్లి అని మనకు రంగు మాటలు ఎన్నో ఉన్నాయి, వాటిని వాడండి. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే కాపరి పోలీస్ స్టేషనుకు తెలపాలి, అక్కడినుంచి ఆ ఆనవాళ్లతోనే ప్రకటన అంటించి చాటింపు వేయిస్తారు. ఆపైన మరో 7 రోజులకూ రాకపోతే వేలమే.

జరిమానా, నష్టపరిహారం ఒకటి కావు. యజమాని దొడ్డిలో కట్టే బందె, అంటే జరిమానా, మేత ఖర్చు మీ చేతికి రావు. పోయిన పైరుకు మీరడిగేది నష్టపరిహారం, దానికి వేరుగా దావా వెయ్యాలి. ‘జరిమానా ఇప్పించండి’ అని రాస్తే మీరు అడగాల్సింది అడగనట్టే.

ఇంకొకటి. తాటాకు, కంపలతో అల్లినది దడి. ముళ్లకంపతోనో తీగతోనో చుట్టూ వేసినది కంచె. చెట్లు వరసగా పెంచినదాన్ని కొందరు వెలుగు అంటారు. ‘వెలుగు పాడుచేశాయి’ అని మాత్రం ఫిర్యాదులో రాయకండి, ‘వావిలి మొక్కల కంచె’ అనండి.